మేక గడిలో బూంది

మా ఇంట్లో మేక మొరుగుతుంది. ఈ సంగతి ప్రభుత్వానికి తెలుసు. నోటిమాటగా కాదు, సంతకంతో, గుండ్రటి సీలుతో సహా తెలుసు. మొరుగుడు తగ్గడానికి నెల నెలా దగ్గు మందు కూడా ఇస్తున్నారు. అందుచేత నన్ను చూసి నవ్వదలచుకున్నవాళ్లు ముందు ఆ సీలును చూసి నవ్వాలని మనవి.

నా పేరు సూరిబాబు. బస్టాండు ఎదురుగా ఫొటో స్టూడియో నాదే. మా ఆవిడ పేరు వరహాలు. ఇక మూడోది బూంది. ఆరేళ్ల కిందట ఓ వానాకాలం మా స్టూడియో షట్టరు కింద దూరిన కుక్కపిల్ల అది. లేత గోధుమరంగు ఒంటి మీద పసుపుపచ్చ చుక్కలు చూసి వరహాలు ఆ పేరు పెట్టేసింది. మా ఇంట్లో నీచు వండరు కాబట్టి బూంది కూడా పప్పన్నంతోనే పెరిగింది. తోటకూర కాడ కనిపిస్తే దానికి ఒళ్లు తెలియదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, తర్వాత మా కొంప ముంచింది ఈ తోటకూరే.

రెండేళ్ల కిందట బూందికి మూర్ఛ వచ్చింది. నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయి, కాళ్లు కొట్టుకుని, నోట నురగ తెచ్చుకుంది. వరహాలు అరిచిన అరుపుకి వీధి వీధంతా వచ్చింది. పట్నంలో పెంపుడు జంతువుల క్లినిక్కుకి ఎత్తుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి మాత్ర వేయాలని, బతికినంతకాలం వేయాలని, మానేస్తే మళ్లీ ఫిట్సు వస్తాయని, వస్తే ఈసారి ప్రాణానికే ముప్పని చెప్పింది. చేతిలో ఒక పెట్టె పెట్టింది. పెట్టె మీద ఒక కుక్క పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. నెలకు పద్దెనిమిది వందల నలభై రూపాయలు. ఆ కుక్క ఎవర్ని చూసి నవ్వుతోందో నాకప్పుడు అర్థమైంది.

ఇదే మందు మా వీధి చివర టైలరు దాలినాయుడు కూడా మింగుతాడు. అతని నెల ఖర్చు డెబ్భై రూపాయలు. మెడికల్ షాపులో అడిగాను.

"మందు ఒకటే సూరిబాబు గారూ. బొమ్మ వేరు" అన్నాడు షాపాయన.

"బొమ్మ మనమే గీసుకుందాం. మాత్రలిమ్మనండి" అంది వరహాలు.

ఆయన గోడ మీద అంటించిన కాగితం చూపించాడు. 'మనుషుల మందు మనుషులకే. రోగి గుర్తింపు కార్డు లేనిదే మందు ఇవ్వబడదు.' బూందికి కార్డు లేదు. పోనీ నా పేరు మీద రాయించుకుంటానన్నాను. అలాగైతే మీరు డాక్టరు ముందు ఒకసారి పడిపోవాలి అన్నాడాయన. వరహాలు నా వంక ఎగాదిగా చూసి, "ఓసారి పడిపోతే మీ సొమ్మేం పోయిందండీ?" అంది.

నేను పడిపోకుండా, బూందిని ఎత్తుకుని, వరహాల్ని వెంటబెట్టుకుని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి పోయాను. అక్కడ మందులు ఉచితం. చిట్టీలు రాసే పైడిరాజు పెద్ద రిజిస్టరు తెరిచి, పేజీ మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి లాగాడు.

"కుక్కకి గడి నేదు బాబూ. ఆవుంది, గేదుంది, ఎద్దుంది, గొర్రుంది, మేకుంది, కోడుంది. ఇందులో ఏదో ఒకటి కావాల."

"ఇంకో గీత కొట్టి కుక్క అని రాసుకో" అన్నాను.

"అమ్మో! అచ్చు పుస్తకం బాబూ ఇది. గీత కొడితే నా ఉద్యోగం ఎలిపోద్ది."

లోపల డాక్టరు త్రినాథ్ గారున్నారు. మంచివాడు, కానీ ఆడిట్ అంటే చలిజ్వరం వచ్చే మనిషి. "చూడండమ్మా, ప్రభుత్వం దృష్టిలో పశువంటే ఏదో ఒకటి ఇవ్వాలి. పాలో, గుడ్లో, మాంసమో, ఉన్నో ఇవ్వాలి. కాదంటే బండి లాగాలి. కుక్క ఏమిస్తుంది?" అన్నారు.

"ఇల్లు కాపలా కాస్తుంది" అంది వరహాలు.

"కాపలాని దేంతో కొలవమంటారు? లీటర్లా, కిలోలా?"

"మరి మీ ఆసుపత్రి వాచ్‌మన్‌కి జీతం దేంతో కొలిచి ఇస్తున్నారు?"

డాక్టరు గారు ఆలోచించారు. "ఆ పోస్టు ఖాళీగా ఉందమ్మా" అన్నారు.

అప్పుడు పైడిరాజు తలుపు దగ్గర్నుంచి దగ్గాడు. "సారూ, ఈ నెల మేకల టార్గెట్టు నలభై. ముప్పై తొమ్మిదే అయినాయి. రిపోర్టు రేపే ఎల్లాల."

డాక్టరు గారు ఫ్యాను వంక చూశారు. బూంది వంక చూశారు. మళ్లీ ఫ్యాను వంక చూశారు. "నేను భోజనానికి వెళ్తున్నాను. వచ్చేసరికి ఇక్కడున్నది మేక అయితే మందిస్తాను" అని టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్లిపోయారు.

వచ్చేసరికి మేకే ఉంది. ఆడది, వయసు ఆరేళ్లు, రంగు గోధుమ, చుక్కలు కలవు. చెవికి పసుపుపచ్చ బిళ్ల వేశారు. బిళ్ల వేసినప్పుడు బూంది ఒక్క కేక పెట్టింది, వరహాలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరోగ్య కార్డు మీదికి పాస్‌పోర్టు ఫొటో నేనే తీశాను. చెవులు వాల్చుకుని కూర్చుంది కాబట్టి దూరం నుంచి చూస్తే ఫరవాలేదు. మాత్రలు ఇచ్చారు. అదే మందు, పెట్టె మీద గేదె బొమ్మ. గేదె నవ్వడం లేదు.

రెండో నెల మందుకి వెళ్తే బూంది పైడిరాజుని గుర్తుపట్టి సంతోషంగా మొరిగింది. వరండాలో ఉన్న రైతులంతా తిరిగి చూశారు. డాక్టరు గారికి చెమట పట్టింది. రిజిస్టరు లాక్కుని రిమార్కుల గడిలో 'గొంతు బొంగురు' అని రాసి, ఒక సీసా దగ్గు మందు ఇచ్చారు. అది మొదలు నెలకో సీసా. బూంది తాగదు, నేనే తాగుతున్నాను. బాగా పనిచేస్తోంది. మేక మందు మనిషి తాగకూడదని ఇంతవరకూ ఎవరూ కాగితం అంటించలేదు.

ఊళ్లో ఇలాంటివి దాగుతాయా? నెల తిరక్కముందే అడ్వకేటు భుజంగరావు గారు తన బొచ్చుకుక్కని చంకలో పెట్టుకుని వచ్చారు. బొచ్చుంది కాబట్టి అది గొర్రె అయింది. కాలేజీ లెక్చరరు గారి తెల్లపిల్లికి సైజుని బట్టి కోడి గడి దొరికింది. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు మాత్రం తన సీజరుని మేక అంటే కాల్చిపారేస్తానన్నారు. పరువు దృష్ట్యా దాన్ని ఎద్దు చేశారు. సంవత్సరం తిరిగేసరికి మేకల వృద్ధిలో మా మండలం జిల్లాకే మొదటి స్థానంలో నిలిచింది. డాక్టరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది, దాన్ని చూసిన ప్రతిసారీ పాపం ఆయన నీళ్లు తాగుతారు.

ఇంకో పక్క మునిసిపాలిటీ వాళ్లు కుక్కల లెక్క తీశారు. ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ మేకో, గొర్రో, ఎద్దో కనిపించింది, చెవికి బిళ్ల ఉంది, చేతిలో కార్డు ఉంది. కుక్కలు సున్నా. 'కుక్కలు లేని పట్టణం' అని మా ఊరికి షీల్డు ఇచ్చారు. ఛైర్మన్ గారు షీల్డు పట్టుకున్న ఫొటో తీసింది నేనే. వెనకాల మెట్ల మీద నాలుగు కుక్కలు పడ్డాయి. తీసేయమంటారా సార్ అనడిగితే ఆయన ఫొటో దగ్గరికి జరిపి చూసి, "ఏ కుక్కలు? అవి మేకలు కదయ్యా" అన్నారు.

అంతా సుఖంగా ఉన్న ఈ సమయంలో డిప్యూటీ డైరెక్టరు సాంబమూర్తి గారు తనిఖీకి వచ్చారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో తోలు సంచీ. ఆసుపత్రి ఆవరణలో మేకలన్నిటినీ వరసగా కూర్చోబెట్టారు. మేకలు కూర్చోమంటే కూర్చుంటున్నాయి, తోకలాడిస్తున్నాయి. ఆయన వాటి వంక చూడనేలేదు.

"మేము జంతువులను తనిఖీ చేయము. రికార్డులను తనిఖీ చేస్తాము. జంతువు నేడు ఒకలా ఉండును, రేపు ఒకలా ఉండును. రికార్డు ఎల్లప్పుడూ ఒకేలా ఉండును" అని సెలవిచ్చారు.

బూంది వెళ్లి ఆయన బూటు నాకింది. ఆయన చెయ్యి దాని తల మీదికి వంగింది. మధ్యలో ఏం గుర్తొచ్చిందో, ఆ చెయ్యి వెనక్కెళ్లి జేబులో దూరింది.

రిజిస్టరులో పాల దిగుబడి అని ఒక గడి ఉంది. బూంది ఎదురుగా అన్నీ సున్నాలే. పది రోజుల తర్వాత ఇంటికి తాఖీదు వచ్చింది. వరహాలు నిలబడి పైకి చదివింది. "సదరు ఆడమేక వరుసగా రెండు త్రైమాసికములు పాల దిగుబడి చూపనందున, నిబంధన పదిహేడు మేరకు పాడి విభాగము నుండి మాంస విభాగమునకు బదిలీ చేయడమైనది. నెలాఖరులోగా సదరు మేకను పురపాలక కబేళా నందు అప్పగించి రసీదు పొందవలెను. అంతవరకు మందుల సరఫరా నిలుపుదల చేయడమైనది."

చదివి కాగితం మడిచింది. బూంది ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చెవి బిళ్లని గోక్కుంటోంది. "దీని ఒంటి మీద ఎవడైనా చెయ్యేస్తే వాడి చెయ్యి విరుగుతుంది" అంది మా ఆవిడ. చాలా మెల్లగా అంది. పాతికేళ్ల కాపురంలో ఆమె మెల్లగా మాట్లాడినప్పుడే నేను భయపడ్డాను.

ఇంట్లో ఉన్న మాత్రలు నాలుగు. బుద్ధొచ్చింది బాబోయ్, పెట్టె కొనుక్కుంటానని పట్నం క్లినిక్కుకి పరిగెత్తాను. మీ ఊళ్లో కుక్కలు లేవుగా, అందుకని ఆ మందు తెప్పించడం మానేశామన్నారు. ఆర్డరు పెడితే పది రోజులు పడుతుందట. వాడేవాళ్లు తగ్గారు కాబట్టి ధర కూడా రెండు వేల ఆరు వందలకి పెరిగిందట. ఆర్డరు పెట్టి డిప్యూటీ డైరెక్టరు గారి ఆఫీసుకి వెళ్లాను.

"అయ్యా, అది మేక కాదు. కుక్క. తప్పు నాదే, కొరత వేయించుకోమన్నా వేయించుకుంటాను" అన్నాను.

"ప్రభుత్వ రికార్డు అసత్యమాడుచున్నదని మీ అభియోగమా?" అన్నారు సాంబమూర్తి గారు.

"కాదండీ, అది మొరుగుతుందండీ."

"గొంతు బొంగురు. ఇదివరకే నమోదైనది. కుక్క అనుటకు మునిసిపాలిటీ లైసెన్సు తీసుకురండి."

మునిసిపాలిటీలో కుక్కల లైసెన్సు గది తలుపుకి తాళం వేసి ఉంది. షీల్డు వచ్చిన రోజునే ఆ విభాగం ఎత్తేశారట. నెత్తీ నోరూ కొట్టుకుని మళ్లీ ఆఫీసుకి వెళ్తే సాంబమూర్తి గారు కాసేపు కళ్లు మూసుకుని, 'జాతి నిర్ధారణ కమిటీ' వేశారు. తాను, డాక్టరు త్రినాథ్ గారు, మునిసిపాలిటీ తరఫున శానిటరీ ఇన్‌స్పెక్టరు. శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు పరీక్ష.

శుక్రవారానికి మాత్రలు అయిపోయి రెండు రోజులైంది. బూంది కళ్లలో కళ లేదు. ఆసుపత్రి ఆవరణలో రెండు పళ్లేలు పెట్టారు. ఒకదాంట్లో మాంసం ఎముక, ఇంకోదాంట్లో ఆకుకూర. ఏ పళ్లెంలో ముందు నోరు పెడితే ఆ జాతి. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఇంత తేలికైన పరీక్షా! ఎముకని కాదనే కుక్క లోకంలో ఉంటుందా? అనుకుంటూ ఆ రెండో పళ్లెం వంక చూశాను. తోటకూర. లేత కాడలు.

"ఏవండీ..." అంది వరహాలు, నా మోచెయ్యి పట్టుకుని.

"వెళ్లవే తల్లీ, ఎముక తిను, ఈ ఒక్కసారికి తిను" అని గొణిగాను.

బూంది ఎముకని వాసన చూసింది. పుట్టి బుద్ధెరిగి అదేమిటో దానికి తెలియదు. తుమ్మింది. పక్క పళ్లెంలోకి మూతి పెట్టి కరకర కాడలు నమలడం మొదలుపెట్టింది.

"మేకే!" అని శానిటరీ ఇన్‌స్పెక్టరు గట్టిగా చప్పట్లు కొట్టాడు. "మా షీల్డు నిలబడిందండీ!" డాక్టరు గారు ఫ్యాను కోసం పైకి చూశారు, ఆరుబయట ఫ్యాను లేదు. సాంబమూర్తి గారు కాగితం తీసుకుని "కమిటీ ఏకగ్రీవముగా..." అని రాయబోయారు.

అంతలో బూంది తోటకూర కాడ నోట్లో ఉండగానే పక్కకి ఒరిగిపోయింది. కాళ్లు బిగుసుకున్నాయి. ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది. వరహాలు "అమ్మా" అని కింద కూలబడింది. పైడిరాజు పరిగెత్తుకెళ్లి ఆసుపత్రి తాళాల గుత్తి తెచ్చాడు.

"ఇనప తాళాలు సేతిలో ఎట్టాల! ఏ సెయ్యండీ దీనికి? ముందు కాలా, ఎనక కాలా?" అని చుట్టూ గంతులేస్తున్నాడు. నేను దాని నోరు తెరిచి కాడ లాగుదామని చెయ్యి పెట్టబోయాను.

"నోట్లో వేలు పెట్టకండి!"

అరిచింది సాంబమూర్తి గారు. ఆయన కాగితం ఎక్కడ పడేశారో తెలియదు. ఇస్త్రీ ప్యాంటుతో మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నారు. పైడిరాజు భుజం మీది తువ్వాలు లాగి మడతపెట్టి బూంది తల కింద పెట్టారు. "గట్టిగా పట్టుకోకండి. అందరూ జరగండి, ఎండ తగలకుండా ఒకరు అడ్డం నిలబడండి" అని, వాచీ చూసుకుంటూ, దాని వీపు మీద అరచెయ్యి ఆనించి, "ఏం లేదు తల్లీ, ఏం లేదు, అయిపోయింది, అయిపోవచ్చింది" అంటున్నారు. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. అందులో సదరు లేదు, మేరకు లేదు.

రెండు నిమిషాలకి బూంది కదలిక ఆగింది. ఇంకాసేపటికి కళ్లు తెరిచి, ముందు వరహాల్ని, తర్వాత ఆయన్ని చూసి, పడుకునే తోక ఒకసారి నేలకి కొట్టింది. అది నిలబడి నీళ్లు తాగేదాకా ఆయన లేవలేదు. అప్పుడు తన తోలు సంచీ తెరిచి, గేదె బొమ్మ ఉన్న పెట్టెలోంచి ఒక మాత్ర తీసి వరహాలు చేతిలో పెట్టారు.

"మీ దగ్గరెందుకున్నాయండీ ఇవి?" అంది వరహాలు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు జీపు దగ్గరికి వెళ్లేదాకా ఆయన మాట్లాడలేదు. తర్వాత చొక్కా కాలరు సర్దుకుని, "మా ఇంట్లో ఒక గేదె ఉన్నది" అన్నారు.

"మూర్ఛ గేదా?"

"అవును. చిట్టి దాని పేరు."

"ఎంత ఉంటుందండీ?" అన్నాను నేను.

ఆయన నేల మీద నుంచి జానెడున్నర ఎత్తులో చెయ్యి పెట్టి చూపించారు. డాక్టరు త్రినాథ్ గారు ఆగలేక, "పొమేరియనా సార్?" అన్నారు.

"ముర్రా జాతి" అన్నారు సాంబమూర్తి గారు కటువుగా.

వరహాలే అడిగింది. "మరి దాని పాల గడి సంగతేమిటండీ? దాన్నెందుకు కబేళాకి పంపలేదు?"

"రోజుకు ఎనిమిది లీటర్లు" అన్నారాయన నేల చూపులు చూస్తూ. "ముర్రా జాతి కదమ్మా, అంతకంటే తక్కువ రాస్తే అనుమానిస్తారు. నేనే కొని పాలకేంద్రంలో పోసి రసీదు తెచ్చుకుంటున్నాను. రెండేళ్లయింది. తాఖీదు నా చేతిలో లేదమ్మా, గడిలో సున్నా పడితే దానంతటదే వస్తుంది, నాది సంతకమే. అంకె పడితే దానంతటదే రద్దవుతుంది." పెట్టెలో మిగిలిన మాత్రలన్నీ ఆమెకిచ్చేశారు. "మేక కాబట్టి మీకు అర లీటరు చాలు. మీరు అదృష్టవంతులు."

ఆ మర్నాటి నుంచి మా బూంది అర లీటరు పాలిస్తోంది. ప్యాకెట్లో ఇస్తుంది. పొద్దున్నే కొట్లో కొని, కత్తెరతో కోసి, చెంబులో పోసుకుని పాలకేంద్రానికి తీసుకెళ్తాను. అక్కడ మేకపాలు అని రసీదు రాస్తారు. డబ్బులు తర్వాత పంపుతారట. నా ముందు క్యూలో భుజంగరావు గారు గొర్రెపాలతో, లెక్చరరు గారు అరడజను గుడ్లతో నిలబడి ఉంటారు. ఎద్దు ఏమీ ఇవ్వనక్కర్లేదు గానీ బండి లాగినట్టు చూపించాలి, అందుకని సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు రోజూ తెల్లారగట్ల తోపుడుబండి తోస్తూ సీజరుని ముందు నడిపిస్తున్నారు. తాఖీదు రద్దయింది. మాత్రలు మళ్లీ వస్తున్నాయి, దగ్గు మందుతో సహా. పట్నం క్లినిక్కులో పెట్టిన ఆర్డరు రద్దు చేసుకున్నాను.

నిన్న సాయంత్రం సాంబమూర్తి గారు ఫోను చేశారు. దిగుబడి నిలకడగా ఉన్నందున సదరు మేకను ఉత్తమ మేకగా ఎంపిక చేశారని, ఇకమీదట ఆ స్థాయికి తగ్గకుండా రోజుకు లీటరు చూపాలని చెప్పారు. లీటరు అరవై రూపాయలు. ఫోను నా చెవి దగ్గరుండగానే వరహాలు వేళ్ల మీద లెక్క కట్టింది. నెలకు పద్దెనిమిది వందలు. నవ్వే కుక్క పెట్టెకి మొదట్లో చెప్పిన ధర కంటే నలభై రూపాయలు తక్కువ.

"నలభై మిగిలిందిగా, తోటకూరకి సరిపోతుంది" అంది వరహాలు, బూందికి రాత్రి మాత్ర అన్నంలో కలుపుతూ.

నేను ఆయనకి ఏదో చెప్పబోతుండగా ఫోన్లో అవతల్నించి సన్నగా, చురుగ్గా మొరుగుడు వినిపించింది. "గేదె పిలుస్తోంది. మందు వేళయింది. ఉంటానండి" అన్నారు సాంబమూర్తి గారు. ఇవతల మా మేక చెవులు రిక్కించి, గొంతు బొంగురు పెట్టుకుని, రెండుసార్లు బదులు చెప్పింది.